ఫ్యాన్ మారిస్తే పరువు పోతుందా?

పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు కాఫీ తెచ్చుకుని కూర్చోండి. లేనివాళ్లు చదవకుండానే లైక్ కొట్టి పోవద్దు, దానికన్నా తిట్టి పోవడం మేలు.

ఉగాది పాతకార్ల ఊరేగింపుకు మన సంఘం కార్ల కమిటీ ఈ ఏడు పెట్టిన కొత్త నిబంధన అందరూ చూసే ఉంటారు. ఒరిజినల్ కాని భాగం ఉన్న కారు ముందు వరసలో రాకూడదు, బహుమతి లెక్కలోకి తీసుకోరు. పేరు రాయలేదు కానీ అది ఎవరి మీద రాసినదో మనకందరికీ తెలుసు. మన సభ్యుడొకరి దగ్గర 1965 నాటి ఎం.జి.బి. ఉంది. ఎర్ర రంగు, రెండు సీట్లు, నెత్తిన గుడ్డ టాపు. పోయిన ఏడు ఊరేగింపు అయ్యాక ఆ తమ్ముడు ఇంజిన్ ముందరి పాత ఉక్కు ఫ్యాన్ విప్పి, రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాడు. ఆయన చేసిన నేరం ఇంతే.

ఎందుకు పెట్టించాడో కమిటీవాళ్లు మరిచిపోయినట్టున్నారు. నేను మరవలేదు. పోయిన ఉగాది ఎండ గుర్తుందా? అవినాశి రోడ్డులో ఊరేగింపు నడక వేగంతో కదులుతోంది. ముందర నాదస్వరం, దాని వెనక ఆ ఎం.జి.బి., అందులో ఎనభై దాటిన మన పెద్దమ్మగారు. సిగ్నల్ దగ్గర బండి ఆగింది, ముల్లు ఎర్రగీత దాటింది, ఆవిరి లేచింది. సాయం చేద్దామని ఒక కుర్రవాడు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. మోచేతి దాకా బొబ్బలు. పెద్దమ్మగారిని ఆటోలో ఇంటికి పంపారు. ఆ రోజు ఎవరూ ఒరిజినల్ గురించి మాట్లాడలేదు, అందరూ నీళ్ల బాటిళ్ల కోసం పరుగెత్తారు. బండి సొంతగాడు మళ్లీ అట్ల జరగకూడదని డబ్బు పెట్టి సరి చేసుకుంటే, దానికి మనం ఇచ్చే బహుమానం వెనక వరసా?

"రూల్ రూలే కదా అన్నా" అని ఒకాయన ఫోన్‌లో అన్నాడు. నేను జీవితమంతా రూల్ పుస్తకాల మధ్యే బతికినవాణ్ని. రూల్ రాసేవాడికి అది దేనికోసమో తెలియాలి. కాబట్టి ముందు ఫ్యాన్ సంగతి చూద్దాం.

ఆ కాలపు కార్లలో ఫ్యాన్ వాటర్ పంప్ పుల్లీకి బోల్టులతో బిగించి ఉంటుంది. బెల్టు ఇంజిన్‌తో తిరుగుతుంది, బెల్టుతో పంపు, పంపుతో ఫ్యాన్. అంటే ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే ఫ్యాన్ అంత వేగం. వినడానికి న్యాయంగా ఉంది. కానీ గాలి ఎప్పుడు కావాలి? బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లార్చుతుంది, ఫ్యాన్‌తో పనే లేదు. బండి ఆగినప్పుడు, పాకినప్పుడు కావాలి. సరిగ్గా అప్పుడే ఇంజిన్ 800 చుట్లలో గురక పెడుతుంటుంది, ఫ్యాన్ కూడా నిద్రపోతూ తిరుగుతుంది. హైవేలో 4000 చుట్లు తిరిగేటప్పుడు, అక్కరలేని చోట, ఇది ప్రాణం పెట్టి తిరుగుతుంది. ఫ్యాన్ వేగం రెండింతలైతే అది తినే శక్తి ఎనిమిదింతలు. 800 నుంచి 4000కు పోతే ఐదింతల వేగం, 125 ఇంతల శక్తి. పెట్రోలు మనది, గాలి ఎవరికీ కాదు. ఇంటికి చుట్టాలు లేనప్పుడు వండి, వచ్చినప్పుడు పొయ్యి ఆర్పేసే వంటవాడిని ఎవరైనా పెట్టుకుంటారా?

ఇంకో సంగతి. అరవై ఏళ్ల నాటి ఉక్కు రెక్కలు. రివెట్ల దగ్గర లోహం అలిసిపోయి వెంట్రుకంత చీలిక పడుతుంది, కంటికి కనబడదు. ఒకనాడు రెక్క ఊడితే రేడియేటర్‌ను చీల్చుకుని పోతుంది, లేకుంటే బానెట్‌ను. బానెట్ తెరిచి పక్కన నిలబడే అలవాటు మన మగవాళ్లకు ఎక్కువ. ఆలోచించుకోండి.

ఇది నేను కనిపెట్టినది కాదు. ఈరోడ్ డీజిల్ షెడ్‌లో గుమాస్తా పని చేశాను. నేను మెకానిక్‌ను కాదు, కాగితాలవాణ్ని, కానీ చెవులు ఉన్నాయి. అక్కడి డబ్ల్యూ.డి.ఎం.2 ఇంజిన్ల రేడియేటర్ ఫ్యాన్ ఊరికే తిరగదు. మధ్యలో ఎడ్డీ కరెంట్ క్లచ్ ఉంటుంది. నీళ్లు వేడెక్కితే ఒక స్విచ్ దాన్ని సగం వేగంలో తిప్పుతుంది, ఇంకా వేడెక్కితే రెండో స్విచ్ పూర్తి వేగం ఇస్తుంది. చల్లబడితే విడిచేస్తుంది. కావలసినప్పుడు గాలి, అక్కరలేనప్పుడు విశ్రాంతి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ చేసేది అదే పని, చిన్న అంగడిలో దొరికే సామానుతో.

ఇప్పుడు ఒరిజినల్ మాటకు వద్దాం. కమిటీలో ఒక పెద్దాయన "కంపెనీవాడు ఇచ్చినట్టే ఉండాలి" అని రాశారు. సరే, కంపెనీవాడిని అడుగుదాం. ఎం.జి.బి. 1962లో వచ్చింది. 1977 మోడల్‌కు వచ్చేసరికి ఆ కంపెనీవాడే రేడియేటర్‌ను ముందుకు జరిపి, బెల్టు ఫ్యాన్ తీసేసి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాడు. అదే పేరు, అదే 1798 సీసీ ఇంజిన్. జాగ్వార్ ఇ-టైప్ అయితే 1961లో పుట్టినప్పుడే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌తో పుట్టింది. 1968లో రెండో సిరీస్ వచ్చినప్పుడు ఒక ఫ్యాన్ చాలదని రెండు పెట్టారు. పుట్టించినవాళ్లే తప్పు దిద్దుకుంటూ పోతే, కోయంబత్తూరులో కూర్చుని మనం ఆ తప్పుకు పూజ చేస్తామా? ఇంగ్లండ్ చలిని మనసులో పెట్టుకుని వేసిన లెక్క అది. పంగుని నెలలో అవినాశి రోడ్డు వాళ్ల లెక్కలో లేదు.

రెండో వాదం, సర్కారు చట్టం. 2021 జూలైలో కేంద్రం పాత బళ్ల రిజిస్ట్రేషన్ నిబంధన తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండి, అసలు రూపంలో ఉండాలి, చాసీ, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పులతో పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. దీన్ని చూపించి ఫ్యాన్ కూడా ఇంజినే అంటున్నారు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ని, ఆ ఇంగ్లీషు నిబంధనను నాలుగుసార్లు చదివాను. పెద్ద మరమ్మతు అని ఉంది. నాలుగు బోల్టులు విప్పి, మళ్లీ బిగిస్తే పాతదైపోయే పని పెద్ద మరమ్మతు ఎట్లా అవుతుంది? అట్లయితే కొత్త టైర్లు వేసుకున్న బళ్లన్నీ వెనక వరసకు పోవాలి. కొత్త బ్యాటరీ, కొత్త బెల్టు, కొత్త పెయింటు? కమిటీ అధ్యక్షుడి కారు సీటు రెక్సిన్ ఒరిజినలా అని నేను అడగను, మర్యాద కాదు.

మూడో వాదం వారసత్వం. దీనికి నేను మేట్టుపాళయం చూపిస్తాను. అక్కడినుంచి కూనూరుకు ఎక్కే పళ్లపట్టాల రైలు 1899లో మొదలైంది, 1908లో ఊటీ చేరింది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వం అని గుర్తించింది. మరి ఈనాడు ఆ రైలు ఎట్లా నడుస్తోంది? బొగ్గు ఇంజిన్లను నూనెతో మండేటట్టు మార్చారు. తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపులో అదే ఎక్స్ క్లాస్ ఇంజిన్లను కొత్తగా, నూనె పొయ్యితోనే కట్టారు. కూనూరు నుంచి ఊటీకి డీజిల్ ఇంజిన్ లాగుతుంది. హిల్‌గ్రోవ్‌లో ఆగి నీళ్లు పోసుకోవడం మారలేదు, పళ్లపట్టా మారలేదు, ఎక్కే దారి మారలేదు. దాన్ని చూసి ఎవరైనా ఇది నకిలీ రైలు అన్నారా? బొగ్గే కావాలని పట్టుబట్టి ఉంటే ఈపాటికి అది స్టేషన్ బయట రంగు పూసి నిలబెట్టిన బొమ్మ అయ్యుండేది, మనం దాని ముందు సెల్ఫీ తీసుకునేవాళ్లం.

మాట వచ్చింది కాబట్టి అంటాను, కోపగించుకోవద్దు. విజయవాడ నుంచి వియ్యంకులు వచ్చినప్పుడు మన మాట విని నవ్వితే మనకు ఎట్లా ఉంటుంది? "మీది ఒరిజినల్ తెలుగు కాదండీ, అరవం కలిసింది" అంటారు. మనకు ఒళ్లు మండుతుంది. వందల ఏళ్లుగా ఈ నేలలో బతికి, ఇక్కడి మాట రవంత కలుపుకుని, అయినా ఇంట్లో తెలుగు విడవలేదు కాబట్టే అది బతికింది అని వాదిస్తాం. వాదించేవాళ్లలో ముందుండేది ఆ కమిటీ పెద్దలే. ఆ న్యాయం తమ్ముడి కారుకు ఎందుకు లేదు?

అందులోనూ ఏ ఊరిలో ఉన్నాం? జి.డి. నాయుడుగారి ఊరు. 1937లో ఇక్కడే డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటార్ చేశారని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మన సంఘం హాల్లో ఆయన పటానికి ఏడాదికొకసారి మాల వేస్తాం. చేతికి దొరికిన ప్రతి యంత్రాన్నీ విప్పి చూసిన మనిషి ఆయన. కారివర్ధన్‌గారు మారుతి ఇంజిన్ తీసుకుని రేసు కారు కట్టిందీ ఈ ఊరే. 1995లో ఆయన పోయారు, ఆయన పేరుతో రేసు ట్రాక్ ఇంకా ఉంది. మోటార్లు చేసి దేశానికి అమ్మిన ఊరిలో, చేతికి అందేంత చిన్న మోటార్‌ను చూసి భయపడుతున్నాం. పైన పటారం, లోన లొటారం.

ఇంతవరకు కమిటీని తిట్టాను. ఇక రెండో జట్టు. ఈ గొడవ చూసి ఉత్సాహపడి, పోయిన వారం మన గ్రూపులోనే నలుగురు "మేమూ పెద్ద ఫ్యాన్ వేయించేస్తాం" అని రాశారు. ఆగండి నాయనా. మీరు చేసే పని వల్లే కమిటీ మాట నిజమయ్యే ప్రమాదం ఉంది.

ముందు రోగం ఏదో చూడండి. బండి ఆగినప్పుడు మాత్రమే వేడెక్కి, కదిలితే చల్లబడితే అది గాలి లోటు, ఫ్యాన్ మారిస్తే బాగుపడుతుంది. 80లో పోతున్నప్పుడు కూడా వేడెక్కితే ఫ్యాన్ ఏమీ చేయదు. అక్కడ రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది, లేకుంటే ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉంటుంది, లేకుంటే బ్లాకు లోపల తుప్పు. బోరు నీళ్లు పోసేవాళ్లకు ఇది తప్పదు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే ఇంజిన్ లోపల కూడా పేరుకుంటుంది, చెప్పులో చెత్త దూరినట్టు నీళ్ల దారికి అడ్డం. సిరువాణి నీళ్లు తియ్యనివే, అయినా తాగడానికి ఉంచుకోండి. బండికి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని చెప్పే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ చల్లబడిపోయి అరుగుతుంది. 82 డిగ్రీలది పెట్టి ఉంచండి.

రేడియేటర్ మూత మీద 7 అని రాసి ఉంటే అది ఊరికే కాదు. ఆ ఒత్తిడిలో నీళ్లు 100కు కాదు, దగ్గరదగ్గర 111 డిగ్రీలకు మరుగుతాయి. మూత తిప్పిన మరుక్షణం ఒత్తిడి పోయి, ఉన్న నీళ్లన్నీ ఒక్కసారి పొంగుతాయి. ఆ కుర్రవాడి చేతికి జరిగింది అదే. దయచేసి ఈ ఒక్క పేరా మీ ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి.

ఇప్పుడు కరెంటు లెక్క. ఆ ఎం.జి.బి. మొదటి రకం, దానిలో ఆల్టర్నేటర్ లేదు, డైనమో. పూర్తి వేగంలో అది ఇచ్చేది 22 ఆంపియర్లు, ఐడిల్‌లో దాదాపు సున్నా. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరిగేటప్పుడు 10 ఆంపియర్లు తింటుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండింతలు. రాత్రి లైట్లు ఒక పది, ఇగ్నిషన్ నాలుగు, వైపర్ మూడు. కూడి చూడండి, 22 దాటిపోయింది. సిగ్నల్ దగ్గర నిలబడితే అంతా బ్యాటరీ నెత్తినే. ఇల్లు కట్టి మెట్లు మరిచినట్టు, ఫ్యాన్ పెట్టి కరెంటు మరిచేవాళ్లు ఎందరో. తమ్ముడు ముందే ఆల్టర్నేటర్ పెట్టించాడు. 1967 చివర్లో కంపెనీవాడు కూడా అదే చేశాడు, 34 ఆంపియర్లది.

ఇంకొక చిక్కు. 1967 దాకా ఎం.జి.బి.లో పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి తగిలించేది పాజిటివ్ తీగ. మన అంగడి ఫ్యాన్లన్నీ నెగటివ్ ఎర్త్ బళ్లకు చేసినవి. తీగల రంగు చూసి అలాగే కలిపితే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. బయటి గాలి లోపలికి పోతుంటే, ఇది లోపలి వేడిని బయటకు తోస్తుంది. తిరుగుతోంది కదా అని అందరూ సంతోషిస్తారు, ముల్లు మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. పరీక్ష సులువు. ఫ్యాన్ తిరిగేటప్పుడు గ్రిల్ ముందు ఒక నోటుకాగితం పెట్టండి. అతుక్కుంటే సరే, ఎగిరిపోతే రెండు తీగలు మార్చండి. ఆల్టర్నేటర్ పెట్టి నెగటివ్‌కు మార్చిన బండిలో ఈ చిక్కు రాదు.

ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపు పెట్టి గాలిని లాగించడం మేలు. ముందు పెడితే ఎదురుగాలికి అదే అడ్డం. చుట్టూ తొడుగు లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న వృత్తం మాత్రమే చల్లబడుతుంది, నాలుగు మూలలు అట్లే కాలుతాయి. రేడియేటర్ సన్నరేకుల మధ్యనుంచి ప్లాస్టిక్ పిన్నులు గుచ్చి ఫ్యాన్ తగిలించే పద్ధతి ఒకటి ఉంది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వణుకుకు ఆ పిన్నులు గొట్టాలను కోసేస్తాయి. చిన్న ఇనుప పట్టీలు చేయించి, రేడియేటర్‌ను నిలబెట్టే పాత బోల్టు రంధ్రాలకే తగిలించండి. మన ఊరి లేత్ పట్టరైలో ఒక పూట పని. కొత్త రంధ్రం ఒక్కటీ వేయవద్దు. తమ్ముడి బండిలో ఒక్క కొత్త రంధ్రం లేదు, నేను బ్యాటరీ లైటు పట్టుకుని చూశాను.

వేడి స్విచ్ కోసం పై హోస్ కోసి మధ్యలో అల్యూమినియం ముక్క పెడతారు. హోస్ రబ్బరు కదా, మామూలుగా దొరుకుతుంది, పాత రూపం కావాలంటే కొత్త హోస్ తొడిగితే చాలు. కానీ ఆ ముక్క రెండు వైపులా రబ్బరు మధ్య ఉంటుంది, బాడీకి తగలదు. ఒక తీగ స్విచ్ అయితే ఎర్త్ తీగ వేరుగా ఇవ్వాలి. ఇది మరిచి, స్విచ్ పాడైందని మూడు స్విచ్‌లు కొన్నవాళ్లు ఉన్నారు. 90, 95 మధ్య తిరగాలి, 85 దగ్గర ఆగాలి. రిలే, ఫ్యూజ్ తప్పనిసరి. అవి లేకుండా పాత సన్నతీగల మీద 10 ఆంపియర్లు పంపితే వేడి సమస్య రేడియేటర్ నుంచి డాష్‌బోర్డుకు మారుతుంది, పొగతో సహా. బండి ఆపి తాళం తీసినా ఫ్యాన్ తిరిగేటట్టు నేరుగా బ్యాటరీకి కలిపేవాళ్లు బానెట్ లోపల పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించాలి, లేకుంటే వేళ్లు పోతాయి.

ఈ పని చేసేవాళ్లు మన ఊర్లో లేరా? ఉన్నారు. ఎం.జి.బి. ఇంజిన్‌ది, అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌ది ఒకే వంశం, బి.ఎం.సి. బి సిరీస్. అంబాసిడర్ మీద చేయి తిరిగిన పాత మెకానిక్ బానెట్ తెరవగానే చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. ఆ మెకానిక్‌లు కూడా అరవై, డెబ్బై దాటారు. వాళ్లు ఉండగానే ఈ కార్లు నడవాలి, వాళ్ల చేతికింద కుర్రవాళ్లు నేర్చుకోవాలి. షెడ్డులో గుడ్డ కప్పిన కారు దగ్గర ఎవడు ఏం నేర్చుకుంటాడు?

కమిటీకి నా విన్నపం ఇది, ఉత్తరంగా కూడా ఇస్తున్నాను. నిబంధనలో "ఒరిజినల్ కాని భాగం" అనే మాట తీసేయండి. దాని చోట: రంధ్రం వేయకుండా, కోయకుండా, వెల్డింగ్ లేకుండా పెట్టిన భాగమైతే, విప్పిన పాత భాగాన్ని సొంతగాడు భద్రంగా ఉంచి చూపిస్తే, ఆ కారుకు మార్కులు తగ్గవు. హోస్, బెల్టు, తీగల వంటి అరిగిపోయే సామానును లెక్కలోకి తీసుకోకూడదు. ఊరేగింపుకు ముందురోజు ప్రతి కారూ పావుగంట ఐడిల్‌లో నిలబడి చూపించాలి, ముల్లు ఎర్రగీత దాటితే అది ఎంత ఒరిజినల్ అయినా ముందు వరసకు రాకూడదు, దానిలో ముసలివాళ్లను, పిల్లలను ఎక్కించకూడదు. ప్రతి పది కార్లకు ఒక మనిషి, అతని చేతిలో దళసరి చేతి తొడుగులు, కూలెంట్ డబ్బా.

తమ్ముడు పాత ఫ్యాన్‌ను నూనె పూసి, గోనెసంచిలో చుట్టి, అటక మీద పెట్టాడు. ఎప్పుడు అడిగినా తెచ్చి చూపిస్తాడట. సర్వసభ్య సమావేశానికి దాన్ని తీసుకురమ్మని చెప్పాను. రెక్కల రివెట్ల దగ్గర వేలుపెట్టి చూడదలచినవాళ్లు పది గంటలకే రండి. ఉత్తరం తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి, కార్యదర్శి బల్ల మీద శుక్రవారానికల్లా ఉంటుంది. సంతకం పెట్టేవాళ్లు నాకు ఫోన్ చేయవద్దు, హాలు వాచ్‌మన్ దగ్గర కాగితం ఉంచాను.